కోటా సినిమాలో ఈల

ఆ సినిమాలో అందరూ పూలజాడీ దగ్గరికి వచ్చే మాట్లాడతారు. ప్రేమ మాటలు అక్కడే, దొంగతనం అంటగట్టడం అక్కడే, కన్నీళ్ళు పెట్టుకోవడమూ అక్కడే. మైకును ఆ జాడీలో పూల మధ్య దాచారు మరి. సినిమాకి మాటలు వచ్చిన కొత్తలో తీసినది. మైకును మనిషి వెంట తిప్పే ఏర్పాటు తీసినవాళ్ళ దగ్గర లేదు. అందుకని కథానాయిక గదిలో ఒక మూల నిలబడి కళ్ళెర్ర చేసి, బుద్ధిగా నడుచుకుంటూ జాడీ దగ్గరికి వచ్చి, అప్పుడు నోరు విప్పి తిడుతుంది. మొదటిసారి చూసినప్పుడు ఒక్కదాన్నే గదిలో కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాను. ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు.

పాత సినిమాల సౌండు శుభ్రం చేయడం నా ఉద్యోగం. సింగపూర్‌లో, తంజోంగ్ పగార్ ఆఫీసు మేడల వెనక పాత దుకాణాల వరుసలో, ఒక కాఫీ కొట్టు పైన మా స్టూడియో. బొమ్మ మీద గీతలూ మరకలూ తీసే పని ఒక మలయ్ సహోద్యోగిది, శబ్దం పని నాది. టపటపలు, చిటపటలు, బుసబుసలు తీసేసి మాట ఒక్కటీ మిగల్చాలి. బియ్యంలో రాళ్ళు ఏరడం లాంటిదే. కాకపోతే ఏది రాయో ఏది గింజో చెవి చెప్పాలి. నాకు ఆ చెవి ఉందని హైదరాబాద్ డబ్బింగ్ థియేటర్లలో పనిచేసిన రోజుల నుంచీ పేరు. పాము చెవులనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా మొహమాటం నటించేదాన్ని గానీ లోపల పొంగిపోయేదాన్ని.

ఈ సినిమా ఎవరూ వెతుక్కుంటూ వచ్చినది కాదు. ఒకప్పుడు బ్రిటన్‌లో థియేటర్ల నిండా అమెరికా సినిమాలే ఆడుతుంటే, సొంత దేశపు సినిమాలు కూడా ఇన్నని ఆడించి తీరాలని అక్కడి ప్రభుత్వం చట్టం చేసింది. దాంతో కోటా నింపడానికి చవకలో, హడావుడిగా చుట్టిపారేసిన సినిమాలు బోలెడు వచ్చాయి. మన రేషన్ కొట్లో కోటా బియ్యానికి ఉండే మర్యాదే వాటికీ ఉండేది. చూడ్డానికి కాదు, లెక్కకి. చాలావాటి ఆనవాళ్ళే లేవు. ఈ ఒక్కటి మాత్రం ఓడెక్కి ఇక్కడికొచ్చి, ఏదో పాత క్లబ్బు గోదాంలో డబ్బాల్లో మగ్గి, మూత తీస్తే పాడైన ఫిల్ము కొట్టే వెనిగర్ కంపుతో బయటపడింది. ఇంకెక్కడా మరో కాపీ లేదని పంపినవాళ్ళు చెప్పారు.

కథ పెద్దగా లేదు. సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో ఒక వితంతువు గదులు అద్దెకిస్తుంటుంది. ఒక గదిలో టైపిస్టు పిల్ల దిగుతుంది. ఇంట్లో ఒక బ్రోచ్, గౌనుకి గుచ్చుకునే నగ, పోతుంది, నింద ఆ పిల్ల మీద పడుతుంది. తీసింది తన కొడుకేనని వితంతువుకి తెలుసు. చెప్పాలా వద్దా అని సినిమా అంతా నలుగుతుంది. అంతే.

మూడో రీలులో నాకు మొదటిసారి ఈల వినిపించింది. సన్నగా, తెగకుండా, దారం లాగినట్టు. మాటల వెనక ఉంది, మాటలు లేని చోటా ఉంది. కెమెరా మోటారు గోల అయి ఉంటుందనుకున్నాను. ఆ రోజుల్లో కెమెరాని దుప్పట్లలో చుట్టినా దాని గోల మైకులో పడేది. శబ్దాన్ని గీతలుగా చూపించే తెర ఒకటి ఉంటుంది మా దగ్గర. ఇలాంటి ఈల ఉంటే అందులో అడ్డంగా ఒక గీత కనపడాలి. కనపడలేదు. నేను లక్ష్యపెట్టలేదు. తెర అబద్ధాలాడుతుంది, ఆపేసి విను అన్నది మా బాస్ మాకు నేర్పిన మొదటి పాఠం. ఆవిడ చైనీస్ మనిషి, అరవై దాటాయి, రేడియోలో టేపులు కత్తిరించిన చేయి. ఆవిడ మాట నాకు వేదం. తెర ఆపేసి ఈల ఉన్న శ్రుతి దగ్గర ఫిల్టర్ పెట్టి, ఆ శ్రుతిలోని శబ్దమంతా కోశాను. పోలేదు. ఇంకొంచెం లోతుగా కోశాను. పోలేదు. నాకు పంతం వచ్చింది. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం నేను, మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఇంట్లో కూడా అదే గొడవ మొదలైంది. పుంగ్గోల్‌లో మా ఫ్లాట్ కిటికీ ముందునుంచే చిన్న రైలు వెళ్తుంటుంది, దాని చప్పుడు అలవాటైపోయింది. ఇది అది కాదు. సాయంత్రాలు వంటింట్లో నిలబడితే సన్నటి ఈల. ఫ్రిజ్ పాడైందని మా ఆయన్ని పోరాను. ఆయన మెకానిక్‌ని పిలిపించారు. వచ్చినాయన ఫ్రిజ్ వెనక చెయ్యిపెట్టి చూశాడు, చెవి ఆనించి విన్నాడు, బాగానే ఉందని చెప్పి తన ఛార్జీ పుచ్చుకుని వెళ్ళాడు. "ఫ్రిజ్ మంచిగనే ఉన్నదంట. నువ్వే గరం గున్నవ్" అన్నారు మా ఆయన. ఆయనది వరంగల్ వైపు, మాది గోదావరి వైపు. ఇన్నేళ్ళ కాపురంలో ఒకరి యాస ఒకరికి అంటలేదు, ఎగతాళి మాత్రం ఇద్దరికీ వచ్చింది. మా అమ్మాయి అప్పుడే గదిలోంచి వచ్చి, "అమ్మా, టీవీ సో లౌడ్ లా" అని నా చేతిలో రిమోట్ లాక్కుని సౌండు తగ్గించింది. ఆ పిల్ల తగ్గించాక నాకు టీవీలో మాటలు తెలియలేదు. సీరియల్‌లో వాళ్ళు ఈమధ్య గొణుగుతున్నారని తిట్టుకున్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత నాకు తెలుసు. అప్పుడు గుర్తు రాలేదు.

ఒకరోజు మధ్యాహ్నం బాస్ నా గదిలోకి వచ్చి, మూడో రీలు ఎంతవరకు వచ్చిందో వినిపించమంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్ళు మూసుకుంది. కాసేపటికి కళ్ళు తెరిచి, "ఆంటీ నో టీత్ ఆల్రెడీ, ఆ?" అంది. సినిమాలో వితంతువుకి పళ్ళూడిపోయాయా అని అడుగుతోంది. ఆమె మాటల్లో స, ష, త, అన్నీ చచ్చిపోయాయట. నోట్లో గుడ్డ కుక్కుకుని మాట్లాడుతున్నట్టు ఉందట. ఈల తీయడానికి కోశానని చెప్పాను. ఏ ఈల అని అడిగింది. అసలు ట్రాక్, నేను చెయ్యి పెట్టనిది, పెట్టి ఇచ్చాను. ఆవిడ చాలాసేపు వింది. హెడ్‌ఫోన్స్ తీసి బల్లమీద పెట్టి, బుస ఉంది, పగుళ్ళున్నాయి, ఈల లేదు అంది.

 అప్పటికప్పుడు నోటికొచ్చిన అబద్ధం ఆడాను. వేరే సినిమా ఫైల్‌తో కలిసిపోయినట్టుంది, చూసుకుంటానన్నాను. ఆవిడ నావైపు ఒకసారి చూసి సరేనని వెళ్ళింది.

నేను బాత్రూమ్‌లోకి వెళ్ళి గడియ వేసుకుని రెండు చెవుల్లోనూ వేళ్ళు పెట్టుకున్నాను. బయటి చప్పుడు అయితే చెవులు మూసుకుంటే తగ్గాలి. కింద కాఫీ కొట్టు గోల తగ్గింది, ఏసీ చప్పుడు తగ్గింది. ఈల పెరిగింది. ఇన్ని రోజులుగా నేను సినిమాలో వెతికి కోస్తున్నది నా తలలో మోగుతోంది. లేని ఈలని తీయడానికి ఆ నటి మాటల్లో పళ్ళన్నీ పీకేశాను. సిగ్గు వేయలేదు, అంత తీరిక లేదు. భయం వేసింది. 

ఎందుకంత భయమో చెప్పాలి. మా ఆయన పని చేస్తున్న ఐటీ కంపెనీ ఈ ఏడాది మొదట్లో ఆయన జట్టు మొత్తాన్ని ఇంటికి పంపింది. ఉద్యోగం చూపించి ఇక్కడ ఉండనిచ్చే ఆయన పాస్ దాంతోనే పోయింది. అప్పటినుంచీ ఈ దేశంలో ఆయనా, మా అమ్మాయీ ఉంటున్నది నా పాస్ మీద. నా పాస్ ఉన్నది నా ఉద్యోగం మీద. ఉద్యోగం ఉన్నది నా చెవుల మీద. మా అమ్మాయికి ఈ ఏడాదే పెద్ద పరీక్షలు. అది పుట్టింది ఇక్కడే, దానికి మరో ఊరు తెలియదు. నా పాస్ గడువు తీరబోతోంది, మళ్ళీ రాయించుకోవాలంటే బాస్ సంతకం పెట్టాలి. చెవులు పోతున్న సౌండు మనిషికి ఎవరు సంతకం పెడతారు?

ఆ సాయంత్రం రైల్లో తలుపు పక్కన నిలబడి, చుట్టూ మాట్లాడుకుంటున్నవాళ్ళ పెదాలు చూస్తూ వచ్చాను. ఎవరి మాట ఎంతవరకు వినిపిస్తోందో పరీక్ష పెట్టుకుంటూ. ఇంటికి రాగానే మా ఆయనకి చెప్పేశాను. ఆయన ఉల్లిపాయలు తరుగుతున్నారు. కత్తి కిందపెట్టి, ముందు డాక్టర్ దగ్గరికి పోదాం పా అన్నారు. 

చెవి పరీక్ష గురించి చెప్పుకుంటే ఇప్పుడు కూడా నాకు ఒళ్ళు మండుతుంది. గాలి చొరబడని చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్ పెట్టి, చేతికి ఒక బటన్ ఇచ్చారు. శబ్దం వినిపించినప్పుడల్లా నొక్కాలి. అద్దం అవతల ఒకమ్మాయి కూర్చుని శబ్దాలు పంపిస్తుంది. ఇలాంటి పరీక్షల్లో శబ్దాలు ఏ వరుసలో వస్తాయో, ఎంత ఎడం ఇస్తారో నాకు తెలుసు. ఇన్నేళ్ళుగా శబ్దాలతో చేస్తున్న పని కదా. మొదట్లో నిజంగానే విని నొక్కాను. తర్వాత ఏమీ వినిపించలేదు. అయినా లయ ఉంది కదా, ఇప్పుడు వచ్చి ఉంటుందని ఊహించి నొక్కాను. ఇంకోటి నొక్కాను. ఆ అమ్మాయి తలుపు తీసుకుని లోపలికి వచ్చి, ఎంతో మర్యాదగా, చివరి రెండు సార్లూ తను ఏమీ పంపలేదని చెప్పింది. ఫెయిలవుతానని భయపడి కాపీ కొట్టి దొరికిన పిల్లలా అయిపోయాను. బయట కుర్చీలో మా ఆయన ఏదో పత్రిక తిరగేస్తూ కూర్చున్నారు. ఆయనకి ఈ సంగతి మాత్రం చెప్పలేదు.

డాక్టర్ కాగితం మీద గీతలు చూపించి వివరించాడు. రెండు చెవుల్లోనూ సన్నటి, హెచ్చు శ్రుతి శబ్దాలు పోయాయి. లావు శబ్దాలు బాగానే ఉన్నాయి. పోయినవి తిరిగి రావు. ఈల తగ్గవచ్చు, తగ్గకపోవచ్చు. ఇంకా దిగజారకుండా ఉండాలంటే హెడ్‌ఫోన్స్ తగ్గించాలి. ఏం పని చేస్తారని అడిగాడు. ఆఫీసు పని అన్నాను. 

ఇంటికి వచ్చాక ఇద్దరం కూర్చుని ఏం చేయాలో లెక్క వేసుకున్నాం. సినిమా ఇవ్వాల్సిన రోజు దగ్గరపడింది. మూడో రీలు మొత్తం మళ్ళీ మొదటినుంచి చేయాలి, నా ఫిల్టర్లన్నీ తీసేసి. కానీ చేసింది సరిగ్గా ఉందో లేదో చెప్పడానికి నా చెవి పనికిరాదు. అప్పుడు మా ఆయన అన్నారు, "నేను వింట గదా. నాకు చెవులున్నయి. నువ్వు చెయ్యి, నేను వింట." నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పాటకీ మిక్సీకీ తేడా తెలియని మనిషి. ఏ పాట పెట్టినా ఇది ఇంతకుముందు వచ్చిందే కదా అంటారు. ఆయన చెవుల మీద నా ఇల్లు నిలబడాలి.

వారంలో కొన్ని రోజులు ఇంటినుంచి పనిచేసే వీలుంది నాకు. ఆ రోజుల్లో భోజనాల బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని పక్కపక్కన కూర్చునేవాళ్ళం. ఆయన హెడ్‌ఫోన్స్ పెట్టుకునేవారు, నేను ఆయన మొహం చూసేదాన్ని. ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి వెతికి ఉన్న మనిషి కాబట్టి ఓపిక ఉంది. ఇక్కడ ముతకగా ఉంది, ఇక్కడ చిటుక్కుమంది, ఈమె స అన్నప్పుడు పాము బుసకొట్టినట్టు వస్తున్నదని చెప్పేవారు. నేను కొంచెం తగ్గించేదాన్ని. ఇప్పుడు? ఇప్పుడు పోయింది. మాట? మాట మంచిగుంది. నమ్మాలి, వేరే దారి లేదు. ఒక్కోసారి అరిచేదాన్ని, సరిగ్గా విని చెప్పండి అని. ఆయన మళ్ళీ వినేవారు. పరాయి చేత్తో అన్నం తింటున్నట్టు ఉండేది నాకు. పొట్ట నిండుతుంది, రుచి తెలియదు.

ఆయనకి మాత్రం సినిమా పట్టింది. ఆ కొడుకుని చూస్తే చాలు తిట్లు లంకించుకునేవారు. టైపిస్టు పిల్లకి న్యాయం జరుగుతదా లేదా అని అన్నం దగ్గర కూడా అడిగేవారు. నేను చెప్పలేదు.

మూడో రీలు పూర్తయిన రోజు టీ తాగుతున్నాం. వంటింటి సీను గురించి మాట వచ్చింది. సినిమా మొత్తంలో నాకు నచ్చినది ఆ ఒక్క సీనే. వితంతువు టైపిస్టు పిల్లని వంటింట్లో కూర్చోబెట్టి, నీతో ఒక సంగతి చెప్పాలి అని మొదలుపెడుతుంది. కొడుకు పేరు పెదాల దాకా వస్తుంది. అక్కడ, మాట సగంలో, ఆగిపోతుంది. ఎవరూ పిలవలేదు, ఎవరూ రాలేదు, ఏమీ జరగలేదు. ఊరికే ఆగిపోయి, తల తిప్పి, లేచి పక్కకి వెళ్ళిపోతుంది. చవకబారు సినిమాలో ఇంత గొప్ప మౌనం ఎలా పెట్టారా అని ఎన్నిసార్లు ఆశ్చర్యపోయానో. భయం మనిషి గొంతు అలాగే పట్టుకుంటుందని, ఆ నటికి ఎంత తెలుసో అని మెచ్చుకున్నాను. అదే మా ఆయనతో అన్నాను.

ఆయన కప్పు పక్కన పెట్టారు. "మౌనం ఏడిది? కెటిల్ ఈల కొడ్తది గదా. పాపం, చెప్పబోతుంటే నీళ్ళు మసిలినయి. గందుకే ఉరికింది."

కంప్యూటర్ తెరిచి ఆ ముక్క పెట్టమన్నాను. బొమ్మలో పొయ్యి మీద కెటిల్ ఉంది. ఆవిరి వస్తోంది. ఇన్నాళ్ళూ కంటపడినా అది అక్కడ ఊరికే ఉన్న వస్తువనుకున్నాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. స్పీకర్లలో పెట్టి పెంచాను. లోపలి గదిలోంచి మా అమ్మాయి అరిచింది, ఏంటా చప్పుడు, చెవులు పగిలిపోతున్నాయి అని. నాకు వితంతువు మాట వినిపించింది, కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది, మధ్యలో నా సొంత ఈల వినిపించింది. కెటిల్ లేదు. లేని ఈలని నెల పొడుగునా వింటూ, ఉన్న ఈలని ఒక్కసారి కూడా వినలేదు నేను. దాన్ని మౌనం అనుకుని మెచ్చుకున్నాను కూడా. ఇంకా ఏమేం పోయాయో నాకు తెలియదు, తెలిసే దారి కూడా లేదు. అప్పటిదాకా ఏడవలేదు, అప్పుడు ఏడ్చాను. మా ఆయన స్పీకర్లు ఆపేసి నా పక్కన కూర్చున్నారు.

ఆ తర్వాత ఇద్దరికీ గట్టిగానే వాదన జరిగింది. బాస్‌కి చెప్పేస్తానన్నాను. ఆయన వద్దన్నారు. అబద్ధం ఆడమనడం లేదు, కొన్నాళ్ళు ఆగమంటున్నానన్నారు. సంతకం అయ్యాక చెప్పమన్నారు. మా అమ్మాయి పరీక్షలు అయ్యేదాకా అయినా నిలబడాలన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. చివరికి ఒప్పుకున్నాను. ఒప్పుకున్నది మనస్ఫూర్తిగానే.

మా స్టూడియోలో ఒక ఆచారం ఉంది. ఏ సినిమా అయినా పంపేముందు ముగ్గురం పెద్ద గదిలో కూర్చుని, తెరలన్నీ ఆపేసి, బొమ్మ లేకుండా శబ్దం మాత్రం మొదటినుంచి చివరిదాకా వింటాం. మూలన ఒక చిన్న దీపం ఉంటుంది, అంతే. లోపం వినిపించినవాళ్ళు చెయ్యెత్తాలి. మాట్లాడకూడదు, మొహం చిట్లించకూడదు. చెయ్యి లేస్తే బాస్ ఆపుతుంది, లోపం ఏంటని అడుగుతుంది, రాసుకుంటుంది. ఎవరి పనిలో లోపం ఎవరు చూపినా కోపాలుండవు. సాధారణంగా అందరికంటే ముందు లేచేది నా చెయ్యి. నా పనిలో అయినా సరే.

ఆ రోజు పొద్దున్నే బాస్ నన్ను పిలిచి, పాస్ కాగితాలు తన బల్ల మీదే ఉన్నాయని, సినిమా విన్నాక సంతకం పెట్టేస్తానని చెప్పింది. మూడో రీలు తను కొంచెం విన్నదట, ఆంటీకి పళ్ళు మళ్ళీ వచ్చాయని నవ్వింది. నేనూ నవ్వాను. నా నవ్వు నాకే వేరేవాళ్ళది లాగా ఉంది.

మధ్యాహ్నం వినడానికి కూర్చున్నాం. మలయ్ సహోద్యోగి నా కుడి పక్క, బాస్ ఎడమ పక్క. మొదటి రీలు నడిచింది. ఎవరి చెయ్యీ లేవలేదు. నేను సినిమా వినడం లేదు, పక్కవాళ్ళ చేతులు చూస్తున్నాను. వాళ్ళ వేళ్ళు కదిలితే నా వేళ్ళు కదలడానికి సిద్ధంగా ఉన్నాయి. రెండో రీలులో ఒకచోట సహోద్యోగి చెయ్యెత్తాడు, వెంటనే నేనూ ఎత్తాను. బాస్ అతన్నే అడిగింది. ఒక చిటుకు ఉందన్నాడు. నేను తల ఊపాను. ఏ చిటుకో నాకు తెలియదు.  ఇంకో రీలు, ఇంకో రీలు, ఇలా దాటేస్తే చాలు అనుకున్నాను. తర్వాత మరో సినిమా వస్తుంది. అప్పుడూ ఇలాగే పక్కవాళ్ళ చేతులు చూస్తూ కూర్చోవాలి. దాని తర్వాత ఇంకోటి.

వంటింటి సీను వచ్చింది. వితంతువు కుర్చీ జరుపుకుంది. నీతో ఒక సంగతి చెప్పాలి అంది. కొడుకు పేరు పెదాల దాకా వచ్చింది. మాట సగంలో ఆగింది. గదిలో నా ఇరుపక్కలా ఇద్దరూ ఏదో వింటున్నారు. సహోద్యోగి మొహంలో చిన్న నవ్వు కూడా కనిపించింది, పాత రోజుల కెటిల్ కదా అన్నట్టు. ఇద్దరికీ వినిపిస్తోంది. ఆ చీకట్లో నేనొక్కదాన్నే బయట నిలబడ్డాను.

నా చెయ్యి లేచింది. నేను ఎత్తానని చెప్పలేను. ఇన్నేళ్ళుగా ఆ గదిలో లోపం తెలిసినప్పుడల్లా లేచిన చెయ్యి అది. మా ఆయనకిచ్చిన మాట గుర్తొచ్చింది, మా అమ్మాయి గుర్తొచ్చింది. దించేద్దామనుకున్నాను. అప్పటికే బాస్ ఆపేసింది. ఇక్కడ లోపం ఏముంది అని ఆశ్చర్యంగా అడిగింది.

"సినిమాలో లేదు. ఇక్కడ కెటిల్ మోగుతోందట. నాకు వినిపించదు" అన్నాను.

బాస్ కుర్చీ నావైపు తిప్పుకుంది. తర్వాత బాస్ అడిగిన వాటన్నిటికీ జవాబు చెప్పాను. డాక్టర్ గీసి చూపిన గీతల గురించి, ఆ రోజు ఆడిన అబద్ధం గురించి, మూడో రీలు ఎవరి చెవులతో చేశానో కూడా. ఆవిడ కోప్పడలేదు. ఓదార్చనూ లేదు. పాస్ ఊసెత్తలేదు. నేనూ అడగలేదు, అడిగే ధైర్యం లేదు. ఇంకా సగం సినిమా ఉంది, ముందు అది విందామంది.

మళ్ళీ మొదలైంది. కాసేపటికి నా ఎడమ మణికట్టు మీద ఆవిడ వేలు మెత్తగా తాకింది. ఎందుకో అర్థం కాలేదు. మళ్ళీ తాకింది. అప్పుడు తెలిసింది, నాకు అందని శబ్దం వచ్చినప్పుడల్లా తాకుతోందని. చూసిన బొమ్మ గుర్తు చేసుకుంటే, తలుపు కిర్రుమనే చోట, గ్లాసులు తగిలే చోట, టైపిస్టు పిల్ల మెల్లగా ఊపిరి పీల్చే చోట. అక్కడ అవన్నీ ఉన్నాయని నాకు తెలియనే తెలియదు. నాకు వినిపించడానికి తాకుతోందో, నాకు వినపడనివి ఎన్నో చూసుకోవడానికి తాకుతోందో చీకట్లో ఆవిడ మొహం చూసినా తెలియలేదు. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. సినిమా అయ్యేవరకు అలాగే బల్ల మీద ఉంచి కూర్చున్నాను, ఆ వేలు చాలాసార్లు తాకింది.